ఒక వరుసకు చెత్త ఆటో, ఎదురు వరుసకు ఎదురుచూపు: సరిహద్దు వీధుల వారు ఎవరిని అడగాలి?

కరకంబాడి_వైపు
తిరుపతి అంచున ఉన్న మా వీధిలో ఎడమ వరుస ఇళ్లు నగర పరిధిలోకి, కుడి వరుస ఇళ్లు పంచాయతీ పరిధిలోకి వస్తాయి. ఉదయం పాట పెట్టుకుని వచ్చే చెత్త ఆటో ఎడమ వరుసలో ప్రతి గేటు ముందూ ఆగుతుంది, కుడి వరుస వైపు కన్నెత్తి కూడా చూడదు. వారికి పంచాయతీ రిక్షా రావాలి. అది ఏ రోజు వస్తుందో, ఏ పూట వస్తుందో ఎవరూ చెప్పలేరు. దానితో వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న ఖాళీ స్థలమే ఊరందరి కుప్ప అయి కూర్చుంది. బిర్యానీ పార్సిల్ డబ్బాలు, ప్లాస్టిక్ పూత పూసిన పేపరు ప్లేట్లు, పిల్లల డైపర్లు, ఎవరి ఇంటి మరమ్మతులోనో పీకేసిన టైల్స్ అన్నీ అక్కడే ఉన్నాయి. నిన్న సాయంత్రం ఒక ఆవు ముడి వేసిన క్యారీబ్యాగును విప్పుకోలేక, సంచితో సహా నమిలి మింగుతుంటే చూశాను. నేను రెండు కార్యాలయాలకూ వెళ్లాను. ఇక్కడివారు ఆ స్థలం అక్కడిదన్నారు, అక్కడివారు ఇక్కడిదన్నారు. ఇలాంటి సరిహద్దు వీధుల్లో ఉంటున్నవారు ఎవరిని అడిగితే పని జరిగిందో దయచేసి చెప్పండి.

లీలామహల్_లక్ష్మి
ముందుగా ఒక సందేహం తీర్చండి. మీరు ఏ వరుసలో ఉంటున్నారు?

కరకంబాడి_వైపు
ఎడమ వరుసలోనే ఉంటున్నాను లక్ష్మి గారూ. మాకు ఆటో వస్తుంది. అయినా గాలి కుడి వైపు నుంచి వీచినప్పుడు మా వంటింటి కిటికీ తెరవలేకపోతున్నాము.

గోవిందా_గోవింద
గాలికి కూడా పరిధులు నిర్ణయించి ఒక ఉత్తర్వు ఇప్పిస్తే సరిపోతుంది.

తుమ్మలగుంట_శీను
నేను పంచాయతీ పరిధిలో ఉంటున్నాను కాబట్టి కుడి వరుస తరఫున కొంత చెప్పవలసి ఉంది. మీ మాటలు వింటే పంచాయతీ వైపు వారు కావాలనే తెచ్చి పోస్తున్నట్టు అనిపిస్తోంది, అది న్యాయం కాదు. తిరుపతి చుట్టూ ఉన్న తుమ్మలగుంట, అవిలాల, పేరూరు, తిరుచానూరు వంటి ఊళ్లు పేరుకు గ్రామాలే గానీ, ఆసుపత్రుల్లోనూ విశ్వవిద్యాలయాల్లోనూ పనిచేసేవారికి అద్దె ఇళ్లు దొరికేది ఇక్కడే. వరిమళ్లు ఉన్నచోట నాలుగంతస్తుల భవనాలు లేచాయి. పంచాయతీకి వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధులకు మాత్రం 2011 జనాభా లెక్కలే ఆధారమయ్యాయి. ఆ సంఘం గ్రామాలకు ఇచ్చిన డబ్బులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి ఖర్చు పెట్టాలన్న నియమం ఉండేమాట నిజమే గానీ, ఆ మొత్తమే పాత జనాభాకు లెక్కగట్టినదైతే కొత్త వీధులకు రిక్షాలు ఎక్కడి నుంచి వస్తాయి? మా ఊరి గ్రీన్ అంబాసిడర్లు, అంటే పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులు, ఎండలో రిక్షా తోసుకుంటూ అంతంత దూరం తిరుగుతున్నారు. గౌరవ వేతనం నెలల తరబడి ఆగిపోయినప్పుడు కూడా వారు వచ్చిన రోజులను నేను చూశాను.

ఇక కుప్ప సంగతి. మా దగ్గర నిలబడి గమనిస్తే, రాత్రిపూట స్కూటరు ముందు సంచి పెట్టుకుని వచ్చి, బండి ఆపకుండానే విసిరి వెళ్లేవారిలో నగరం వైపు వారు కూడా ఉన్నారు. ఉదయం ఆటో వచ్చే వేళకు డ్యూటీకి వెళ్లిపోయేవారు ఆ చెత్తను ఎక్కడ వేస్తారు?

కరకంబాడి_వైపు
శీను గారి మాట ఒప్పుకుంటాను. మా వరుసలో కూడా ఉదయాన్నే డ్యూటీకి వెళ్లిపోయే అద్దెవాళ్లు ఉన్నారు. నేను ఎవరినీ వేలెత్తి చూపడానికి ఇది మొదలుపెట్టలేదు, దారి తెలుసుకోవడానికే అడిగాను.

పాత_మేస్త్రీ
నేను ఈ జిల్లాలోని ఒక పట్టణంలో శానిటరీ మేస్త్రీగా పనిచేసి రిటైరయ్యాను. లోపలి పద్ధతి తెలియకపోవడం వల్ల జనం ఒకరిని తిట్టవలసిన చోట మరొకరిని తిడుతుంటారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

తెల్లవారకముందే మస్టరు పడుతుంది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది చూసుకుని, వచ్చినవారినే వీధులకు సర్దాలి. ఆటోల వ్యవస్థ వేరు. 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలైనప్పుడు వచ్చిన ఆటోలను ఏజెన్సీల ద్వారా నడిపించారు. డ్రైవరు ఏజెన్సీ మనిషి, వెంట ఉండే కార్మికుడు మరో పద్దు కింద ఉంటాడు. వీరిద్దరినీ కలిపి నడిపించవలసిన మేస్త్రీకి డ్రైవరు మీద అధికారం ఉండదు. ఆటోకు ఇచ్చే రూటులో ఏ వీధిలో ఎన్ని గడపలు అన్నది రాసి ఉంటుంది. ఆ కాగితంలో లేని గడప ముందు ఆగితే, ఉన్న గడపలు పూర్తికాక అతడే మాట పడాలి. కాబట్టి కుడి వరుస ముందు ఆటో ఆగలేదని డ్రైవరుతో గొడవపడితే ఉపయోగం లేదు, కాగితం మారాలి.

కుప్ప విషయంలో నా అనుభవం ఇది. జేసీబీ తెచ్చి ఒక రోజు ఎత్తించడం చాలా సులువు. మరునాడు ఉదయం అక్కడ మొదటి సంచి పడకుండా చూడటమే కష్టం. మొదటి సంచి పడిందంటే మధ్యాహ్నానికి పది పడతాయి. కుప్ప ఎత్తించిన చోట వెంటనే కడిగించి, సున్నం చల్లించి, ముగ్గు వేయించి, కొన్నాళ్లు తెల్లవారుజామున, రాత్రి అన్నాల వేళ మనిషిని నిలబెట్టేవాళ్లం. అలా నిలబెట్టిన చోట్ల చాలావరకు నిలిచింది. మనిషి లేనిచోట ముగ్గు మీదే పోశారు.

గోవిందా_గోవింద
మా సందులో గోడ మీద వేంకటేశ్వర స్వామి పటం ఉన్న టైలు అంటించారు. ఇప్పుడు స్వామికి రెండడుగులు ఎడంగా పోస్తున్నారు. తిరుపతిలో భక్తికి లోటు ఉండదు కదా.

అపార్ట్‌మెంట్_కార్యదర్శి
మాకు ఆటో క్రమంగానే వస్తుంది కాబట్టి నా ఫిర్యాదు వేరు. మా భవనంలో తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో, డైపర్లు, మందుల వంటివి ఎరుపు డబ్బాలో వేయాలని ఇంటింటికీ తిరిగి చెప్పాను. అందరినీ ఒప్పించడానికి తలప్రాణం తోకకు వచ్చింది. ఇంత చేశాక కిందకు దిగి చూస్తే, ఆటోలో అన్నీ ఒకే గుట్టగా కుమ్మరిస్తున్నారు. ఇప్పుడు మూడో అంతస్తు పెద్దాయన, ‘‘నువ్వు వేరు చేయమన్నావు, వాళ్లు కలిపేస్తున్నారు, మధ్యలో మాకెందుకమ్మా ఈ శ్రమ’’ అని అడుగుతున్నారు. ఆయనకు నేను ఏం సమాధానం చెప్పాలి?

లీలామహల్_లక్ష్మి
మా ఇంట్లో ఆ ఎరుపు డబ్బాలో మా అత్తగారు కరివేపాకు మొక్క నాటారు. చక్కగా బతికింది. నీలం డబ్బాలో పిండివంటల మూకుళ్లు ఉన్నాయి.

పాత_మేస్త్రీ
కార్యదర్శి గారూ, కలపడం తప్పే, దాన్ని సమర్థించను. ఎందుకు జరుగుతుందో మాత్రం చెబుతాను. ఆటోలో అరలు ఉంటాయి. పది ఇళ్లలో తొమ్మిది ఇళ్ల వారు కలిపి ఇస్తే తడి అర రూటు సగం కాకముందే నిండిపోతుంది. అప్పుడు పొడి అరలో పోయక తప్పదు. పదో ఇంటి వారు వేరు చేసి ఇచ్చినది కూడా అందులోనే పడుతుంది.

దీనివల్ల నష్టం ఎక్కడ కనిపిస్తుందో తెలియాలంటే రేణిగుంట దగ్గర తూకివాకంలోని కేంద్రాన్ని ఒకసారి చూడాలి. అక్కడ తడి చెత్త నుంచి గ్యాసు తీసే పద్ధతి ఉంది. గ్యాసు తయారు చేసేది గాలి తగలని ట్యాంకులో పెరిగే సూక్ష్మజీవులు. వాటికి అన్నం, కూరగాయల తొక్కలు, పండ్లు కావాలి. పాలప్యాకెట్లు, ఇసుక, కొబ్బరి చిప్పలు వెళితే పంపులు, పైపులు మూసుకుపోతాయి. అందువల్ల కలిసిపోయి వచ్చిన లోడును ముందు మనుషులే నిలబడి ఏరాలి. పొడి చెత్త తడిసిపోతే పాత కాగితాలవారు కూడా కొనరు. ఇక దాన్ని సిమెంటు కర్మాగారాలకు ఇంధనంగా పంపాలంటే ముందు ఆరబెట్టాలి, వర్షాకాలంలో అది ఆరదు. రామాపురం డంపింగ్ యార్డులో ఏళ్ల తరబడి పేరుకుపోయిన చెత్తను తవ్వి, ఆరబెట్టి, జల్లెడ పట్టి, మట్టి వేరు, రాళ్లు వేరు, ప్లాస్టిక్ వేరు చేయించవలసి వచ్చింది. అదంతా ఒకప్పుడు మన వంటింట్లో ఒక్క నిమిషంలో వేరుచేసి ఉండదగిన చెత్తే.

అపార్ట్‌మెంట్_కార్యదర్శి
ఈ వివరణ చాలా బాగుంది, పెద్దాయనకు చదివి వినిపిస్తాను. అయితే ‘‘మిగతా తొమ్మిది ఇళ్ల వారు మారేదాకా మీ శ్రమ వృథా’’ అన్నదే కదా దీని సారాంశం?

పాత_మేస్త్రీ
పూర్తిగా కాదు. మీది ఒకే భవనం, ఇళ్లు ఎక్కువ. మీ తడి చెత్తను విడిగా ఒక పెద్ద డ్రమ్ములో ఇస్తే దాన్ని విడిగా ఎత్తుకోవడం వారికీ సులువే. ఇళ్లవారీగా ఇచ్చేచోటే చిక్కు వస్తుంది.

మిద్దెతోట
తడి చెత్తను అసలు బయటికే పంపకుండా ఉండే మార్గం ఒకటి ఉంది కదా. కుండకు పక్కల చిల్లులు పెట్టి, అడుగున ఎండుటాకులు పరిచి, పైన కూరగాయల తొక్కలు, వాటి మీద మళ్లీ ఎండుటాకులు వేస్తూ పోతే రెండు నెలలకు అటూ ఇటుగా ఎరువు తయారవుతుంది. కానుగ ఆకు, వేపాకు మన వీధుల్లో కావలసినంత రాలుతుంది. దాన్ని చిమ్మి కాల్చేబదులు ఒక గోనెసంచిలో నింపి పెట్టుకుంటే చాలు. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం, ఎండుటాకు గానీ కొబ్బరిపొట్టు గానీ కలపండి. వండిన అన్నం, మాంసం వేయకండి, ఎలుకలు వస్తాయి.

లీలామహల్_లక్ష్మి
రెండు గదుల అద్దె ఇంట్లో, మిద్దె మీదకు వెళ్లే తలుపుకు ఇంటి ఓనరు తాళం వేసుకుంటే ఆ కుండను ఎక్కడ పెట్టమంటారు? ఈ సలహా ప్రతి చర్చలోనూ వస్తుంది గానీ, సొంత మిద్దె ఉన్నవారికే పనికొస్తుంది.

మిద్దెతోట
ఆ మాట నిజమే. నేను రాసింది స్థలం ఉన్నవారి కోసమే. స్థలం ఉన్నవారంతా చేస్తే ఆటోలో తడి అర లేనివారి కోసం మిగులుతుందన్నది నా ఉద్దేశం.

లెక్కల_మాస్టారు
అసలు విషయం ఎవరూ ఎత్తడం లేదు. క్లాప్ కింద ఇంటికి నెలకు 120 రూపాయల దాకా వసూలు చేసిన రోజుల్లో, బండి రాకపోతే ‘‘డబ్బు ఎందుకు కట్టాలి’’ అని నిలదీసే వీలు ఉండేది. 2024 అక్టోబరు 2న ముఖ్యమంత్రి మచిలీపట్నంలో చెత్త పన్ను రద్దు ప్రకటించారు. జేబుకు హాయిగానే ఉంది గానీ, డబ్బు కట్టని సేవ గురించి గట్టిగా అడగడానికి మనకే మొహమాటంగా ఉంటోంది. సేవకు ధర ఉండాలని నేను నమ్ముతాను.

తుమ్మలగుంట_శీను
మాస్టారూ, ఈ వాదనతో నేను ఏకీభవించను. చెత్త తీయడం మనకు చేసే ఉపకారమేమీ కాదు. ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం ఇంటింటికీ వచ్చి సేకరించడం స్థానిక సంస్థల బాధ్యత. ఇంటి పన్ను కడుతూనే ఉన్నాము కదా. పైగా ఆ రుసుము ఉన్న రోజుల్లో బండి రాని వీధులకు కూడా వసూలుకు మాత్రం ఠంచనుగా వచ్చేవారు. నిలదీసినవారికి దొరికిన జవాబు ‘‘ముందు కట్టండి, తరువాత మాట్లాడండి’’ అన్నదే.

లెక్కల_మాస్టారు
అవే నిబంధనల్లో వినియోగ రుసుము వసూలు చేసుకోవచ్చని కూడా ఉంది, మీరు సగమే చదివారు. ఇంటి పన్ను మొత్తం ఎంత, అందులో జీతాలకు, వీధి దీపాలకు, కాలువలకు పోగా చెత్తకు ఎంత మిగులుతుందో ఎవరైనా ఆలోచించారా? రద్దయిన రుసుము స్థానంలో ఆ డబ్బు మరో పద్దు నుంచి రావాలి. అది రాకపోతే ఆటో డీజిలు దగ్గర కోత పడుతుంది.

తుమ్మలగుంట_శీను
సరే, రుసుము ఉండాలన్నదే మీ వాదన అయితే ఇళ్ల మీద కాకుండా ఎక్కువ చెత్త చేసేవారి మీద పెట్టమనండి. రోజుకు వంద కిలోలకు మించి చెత్త చేసేవారిని ఆ నిబంధనలే వేరుగా లెక్కించాయి. తిరుపతిలో వారు ఎవరో అందరికీ తెలుసు.

లాడ్జి_రిసెప్షన్
ఆ చివరి వాక్యం మమ్మల్ని ఉద్దేశించే రాశారని అర్థమైంది కాబట్టి జవాబు ఇస్తున్నాను. నేను బస్టాండుకు దగ్గరలోని ఒక లాడ్జిలో పనిచేస్తున్నాను. మేము చెత్తను బండికే ఇస్తున్నాము. యాత్రికుడు గది ఖాళీ చేసి వెళ్లాక ఏం మిగులుతుందో ఒకసారి చూడండి: నీళ్ల సీసాలు, పులిహోర పొట్లాలు, చంటిపిల్లల డైపర్లు, పాత బట్టలు. గుండు చేయించుకుని వచ్చినవారు పాత బట్టలు గదిలోనే వదిలేస్తారు, అది కొందరి నమ్మకం. వీటిని ఏ డబ్బాలో వేయాలి? గదిలో మూడు రంగుల డబ్బాలు పెట్టి చూశాము. ఒక రాత్రికి వచ్చిన మనిషి ఏ రంగు దేనికని చదువుకోడు. మా రూమ్‌బాయిలే చేతి తొడుగులు వేసుకుని వేరు చేస్తున్నారు. మీరు తిట్టవలసింది అర్ధరాత్రి రోడ్డు మీదే ప్లేట్లు వదిలేసి వెళ్లే టిఫిన్ బండ్లను.

గోవిందా_గోవింద
లాడ్జివారు టిఫిన్ బండ్లను, టిఫిన్ బండ్లవారు యాత్రికులను, యాత్రికులు మనల్ని తిడతారు. ఎవరికి వారే యమునా తీరే, కుప్ప మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ తీరే.

జీవకోన_కుర్రాడు
కొండ కింద వీధులవారికి ఇది వాసనతో పోయే సమస్య కాదు. చెత్త సంచి గేటుకు తగిలించి లోపలికి వెళ్లేలోపే కోతులు వచ్చి చించేస్తాయి. కోతులు చింపినదాని కోసం కుక్కలు, పందులు వస్తాయి, వాటి కోసం రాత్రిపూట చిరుత వస్తుంది. ఎస్వీ విశ్వవిద్యాలయం ఆవరణలో చిరుత కనిపించిందన్న వార్త వచ్చినప్పుడల్లా అందరూ అటవీశాఖను అడుగుతారు. హాస్టళ్ల వెనుక, హోటళ్ల వెనుక మిగిలిన అన్నం ఎక్కడ పోస్తున్నారో కూడా అడగాలి. శేషాచలం అడవికి ఆనుకుని బతుకుతున్నవారికి మూత ఉన్న డబ్బా అత్యవసరం. మా వీధిలో కొందరు డబ్బా మూతకు ఇటుక కట్టారు. పిల్ల కోతులకు అది సరిపోతుంది, పెద్ద కోతికి సరిపోవడం లేదు.

నీవా_ఒడ్డు
చిత్తూరు నుంచి రాస్తున్నాను. మీకు తిరుమల పేరు మీదైనా వచ్చేవారు, చూసేవారు ఉన్నారు. స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులు వచ్చినప్పుడల్లా తిరుపతి పేరు పత్రికల్లో వస్తుంది. మా ఊరి మధ్యలో నీవా నది ఉంది. వాన పడని నెలల్లో దాన్ని నది అని బయటి ఊరివారికి చూపించడానికి మొహం చెల్లదు. ఒడ్డున ఇళ్లు ఉన్నవారికి చెత్త బండి కోసం కాచుకుని ఉండవలసిన అవసరమే లేదు, వెనుక తలుపు తెరిస్తే చాలు. బండి క్రమంగా వచ్చే వీధుల వారు కూడా దిండ్లు, పరుపులు, విరిగిన కుర్చీలు మాత్రం నదికే ఇస్తారు, ఎందుకంటే బండివారు వాటిని తీసుకోరు. ఇంతకీ పాత పరుపును ఎవరికి ఇవ్వాలో మీ ఊరిలోనైనా ఎవరికైనా తెలుసా?

అపార్ట్‌మెంట్_కార్యదర్శి
మా భవనంలో పరుపులు కుట్టేవారికి ఇచ్చాము. దూది పరుపు అయితే విప్పి దూది తీసుకుంటారు, ఫోము పరుపు అయితే ఎవరూ తీసుకోవడం లేదు.

కరకంబాడి_వైపు
నీవా_ఒడ్డు గారు నీటి దారి మాట ఎత్తారు కాబట్టి గుర్తుచేస్తున్నాను. 2021 నవంబరు వరదలో తిరుపతి వీధులు ఎలా మునిగాయో మనలో చాలామంది చూశాము. వాన అసాధారణంగా కురిసింది, చెరువులు, గుంటలు పూడ్చి ఇళ్లు కట్టారు, అది వేరే చర్చ. నీరు తగ్గాక కాలువల నుంచి పారలతో తీసిన దానిలో మట్టి కంటే నీళ్ల సీసాలు, క్యారీబ్యాగులే ఎక్కువగా కనిపించాయి. మా ఖాళీ స్థలం పక్కనే ఒక వాన కాలువ ఉంది. నా తొందర దాని గురించే.

లీలామహల్_లక్ష్మి
మా వైపు కుప్ప పెరగదు, ఎందుకంటే ఎవరో సాయంత్రం దానికి నిప్పు పెడతారు. ఆ పొగ ప్లాస్టిక్ పొగ. ఆస్తమా ఉన్న మా మామగారు ఆ వేళకు ఇంటి తలుపులన్నీ మూయించి, లోపల ఫ్యాను కింద కూర్చుంటారు. అడిగితే ‘‘దోమలు పోతాయమ్మా’’ అంటారు.

లెక్కల_మాస్టారు
బహిరంగంగా చెత్త కాల్చడానికి జరిమానా ఉంది లక్ష్మి గారూ. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో మామూలుగా కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చినవారికి 25,000 రూపాయలు అని నిర్ణయించింది. ఫోటో తీసి, తేదీ కనిపించేలా మున్సిపల్ ఫిర్యాదులు తీసుకునే పురమిత్ర యాప్‌లో పెట్టండి.

లీలామహల్_లక్ష్మి
నిప్పు పెట్టేది మా పక్కింటి పెద్దావిడ. ఫోటో తీస్తే రేపటి నుంచి కూరలో కరివేపాకు కూడా అడగలేను. ఓహో, నాకు ఎరుపు డబ్బా ఉంది కదా!

పుష్‌కార్ట్_కూతురు
ఈ చర్చ అంతా చదివాను. మా అమ్మ పారిశుద్ధ్య కార్మికురాలు. మీరు బండి, ఆటో, రిక్షా అని రాస్తున్నారు, దాని వెనుక ఉండే మనిషి గురించి మేస్త్రీ గారు తప్ప ఎవరూ ఎక్కువ రాయలేదు. మా అమ్మ కుడి అరచేతిలో బొటనవేలి కింద అడ్డంగా ఒక మచ్చ ఉంది. పగిలిన గాజు గ్లాసును అన్నం సంచిలో వేసి ముడి కట్టారు. తొడుగు ఉంది గానీ, గాజుకు అది ఆగలేదు. ఇంజెక్షన్ సూదులు, బ్లేడ్లు, నెలసరి ప్యాడ్లు ఏ కాగితమూ చుట్టకుండా తడి చెత్తలో వేసే ఇళ్లు చాలా ఉన్నాయి. అవి పేదల ఇళ్లే అనుకోకండి. ప్యాడ్లను, డైపర్లను చుట్టి ఇవ్వాలని మీరు చెప్పుకుంటున్న ఆ నిబంధనల్లోనే ఉంది.

2023 డిసెంబరు ఆఖరులో రాష్ట్రమంతటా మున్సిపల్ కార్మికులు సమ్మె చేసినప్పుడు, మా వీధిలో ఒకాయన ‘‘మీ వల్లే ఊరు కంపు కొడుతోంది’’ అని మా అమ్మతో అన్నారు. ఊరు కంపు కొట్టకుండా ఉన్న మిగతా రోజుల గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. మీరు చేయగలిగిన పని చిన్నదే. పగిలిన గాజును దళసరి కాగితంలో చుట్టి, చేతికి విడిగా ఇచ్చి, ‘‘ఇందులో గాజు ఉంది’’ అని నోటితో చెప్పండి.

లెక్కల_మాస్టారు
మీ అమ్మగారి శ్రమను తక్కువ చేయడం లేదు. అయితే మా వీధిలో పండుగకు మామూలు ఇవ్వనివారి గేటు దగ్గర బండి ఆగదన్న మాట కూడా ఉంది. అది కూడా అనుభవమే కాబట్టి రాస్తున్నాను.

పుష్‌కార్ట్_కూతురు
అలా చేసేవారు లేరని నేను అనను. దసరాకు, సంక్రాంతికి అడగడం ఉంది. నెల జీతం నెలాఖరుకే చేతికి వస్తే ఆ అడగడం ఎంత తగ్గుతుందో మీరే లెక్కల మాస్టారు కదా, వేసి చూడండి.

పాత_మేస్త్రీ
ఆ అమ్మాయి రాసిన ప్రతి మాటా నిజం.

కరకంబాడి_వైపు గారికి ఒక సూచన. రెండు వరుసల వారూ కలిసి ఒకే అర్జీ రాయండి. ఎడమ వరుస వారు మాత్రమే రాస్తే అది ఎదుటివారి మీద ఫిర్యాదుగా కనిపిస్తుంది, పంచాయతీ వారు దాన్ని పక్కన పడేస్తారు. వార్డు సచివాలయంలో పారిశుద్ధ్య కార్యదర్శికి ఒక ప్రతి, పంచాయతీ కార్యదర్శికి ఒక ప్రతి ఇచ్చి, రెండింటి మీదా ముట్టినట్టు సంతకం, తేదీ తీసుకోండి. ఖాళీ స్థలం సర్వే నంబరు తెలుసుకుని అందులో రాయండి. సర్వే నంబరు ఉంటే ‘‘ఇది మాది కాదు’’ అని ఎవరూ నోటితో తప్పించుకోలేరు. మరో మాట, రిక్షా మనిషితో, ఆటో డ్రైవరుతో విడిగా, మర్యాదగా మాట్లాడండి. కాగితం కదలకముందే వారిద్దరూ చేయగలిగినవి కొన్ని ఉంటాయి.

నీవా_ఒడ్డు
సంతకం తీసుకోమన్న సలహా బంగారం. మా అర్జీలు ఎక్కడికి పోయాయో నీవా నదికే తెలియాలి.

కరకంబాడి_వైపు
మేస్త్రీ గారు చెప్పినట్టే చేశాము, ఇప్పటివరకు జరిగినది రాస్తున్నాను. సర్వే నంబరు ప్రకారం ఆ స్థలం పంచాయతీలోనే ఉందని తేలింది. యజమాని బెంగళూరులో ఉంటున్నారు, ఎదురు వరుసలో ఆయన బంధువు ఒకరు ఉండటంతో ఫోనులో దొరికారు. దసరా తరువాత కంచె వేయిస్తానన్నారు. రిక్షా తెచ్చే ఆవిడతో మాట్లాడితే తెలిసిన సంగతి మరొకటి: ఆమె మా వీధికి ఎండ ఎక్కాక రావడానికి కారణం, తన రూటు ఊరి అవతలి చివర మొదలవడమే. దాన్ని తిరగేసి మా వీధి నుంచి మొదలుపెట్టడానికి పంచాయతీ కార్యదర్శి ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆమె ఆటో వచ్చే వేళకే వస్తోంది. నిన్న వానకు మాత్రం రాలేదు. ఆటో రూటు మార్చడం గురించి ఇంకా జవాబు రాలేదు. కుప్ప అలాగే ఉంది, కాకపోతే పెరగడం తగ్గింది.

లీలామహల్_లక్ష్మి
ఆ బెంగళూరు ఆయన స్థలం అమ్ముతారేమో అడిగారా? కరకంబాడి వైపు ధరలు ఎలా ఉన్నాయి?

గోవిందా_గోవింద
లక్ష్మి గారు కొంటే అక్కడ కరివేపాకు తోట వేస్తారు.

పాత_మేస్త్రీ
కంచె అంటే గోడ కట్టించవద్దని ఆయనకు చెప్పండి. గోడ అవతలికి విసిరితే ఎవరికీ కనిపించదు, ఎత్తడానికి మనిషి దిగలేడు. ఇనుప వలతో వేయించి, రోడ్డు వైపు ఒక చిన్న గేటు పెట్టించాలి. కంచె వేసే ముందే కుప్ప ఎత్తించి కడిగించండి, తరువాత జేసీబీ లోపలికి పోదు. దసరా వస్తోంది కాబట్టి ఆయుధ పూజ నాటి సంగతి కూడా చెప్పుకోవాలి. ప్రతి షాపు ముందూ, ప్రతి బండి ముందూ బూడిద గుమ్మడికాయ పగలగొడతారు, మరునాడు కూడలి అంతా దాని మీద జారిపడేవారే. ఆ ముక్కలు పూర్తిగా తడి చెత్త, గ్యాసు ట్యాంకుకు చక్కగా పనికొస్తాయి.

పుష్‌కార్ట్_కూతురు
మేస్త్రీ గారి మాటకు ఒకటి చేరుస్తాను. గుమ్మడికాయలో చిల్లర నాణేలు, కుంకుమ వేసి పగలగొడతారు. నాణేల కోసం పిల్లలు రోడ్డు మధ్యలోకి పరుగెత్తుతారు. కొట్టినవారే ముక్కలను ఓ పక్కకు జరిపితే ఉదయం చిమ్మేవారికి నడుము కలిసివస్తుంది. కొబ్బరి చిప్పలను మాత్రం ఆ ముక్కల్లో కలపకండి.

కరకంబాడి_వైపు
ఈ రెండు మాటలూ మా వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాను, రెండు వరుసల వారూ అందులో ఉన్నారు. ఇనుప వల అడుగు ఎంత పడుతుందో, తిరుపతిలో ఎవరి దగ్గర తీసుకుంటే మంచిదో తెలిసినవారు చెప్పండి. బెంగళూరు ఆయన ఆ అంచనా పంపమని అడిగారు.